గుడ్డ సంచుల వ్యాపారం – బయటివాళ్ళతో మన సంబంధాలు
(సమాఖ్య వార్షిక సమావేశంలో గ్రూపు లీడరు ప్రసంగం)



సంచి కుట్టడం మన గ్రూపులో అందరికీ వచ్చు. కానీ లాభం రావాలన్నా, మన సింహాచలం కొండ శుభ్రంగా ఉండాలన్నా బయటివాళ్ళతో మన సంబంధం ఎలా ఉందో చూసుకోవాలి.

ముందు రూలు సంగతి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, స్ట్రాలు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించారు. ఆ ఏడాది డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చటి సంచులు కూడా అమ్మకూడదు. తనిఖీలు జరిగినప్పుడు మనకి ఆర్డర్లు వచ్చాయి. తనిఖీలు తగ్గేసరికి పల్చటి కవరు మళ్ళీ వచ్చేసింది, మన మిషన్లు ఆగాయి. గెడ్డలో కవర్లు పేరుకున్న నెలల్లోనే మన గల్లా కూడా ఖాళీగా ఉంది.

రెండోది కొనేవాళ్ళు. చందనోత్సవానికి, ఆషాఢ పౌర్ణమి గిరి ప్రదక్షిణకి లక్షల మంది వస్తారు. ప్రదక్షిణ దారి 32 కిలోమీటర్లు, దారి పొడుగునా దుకాణాలే. అలాగని ఒక్క షాపునే నమ్ముకోకూడదు. ఒక దుకాణం వాళ్ళు మన దగ్గర 300 సంచులు తీసుకొని డబ్బుకి నాలుగు నెలలు తిప్పారు. బ్యాంకు వాయిదా ఆగుతుందా అమ్మా? అందుకే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకుందాం. ఫీజు లేదు, ఆధార్, పాన్ కావాలి. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం మనలాంటి చిన్న తయారీదారులకి 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి. ఆలస్యమైతే వడ్డీ కూడా ఇవ్వాలి.

మూడోది గుడ్డ ఇచ్చేవాళ్ళు. కొత్త గుడ్డ మీటర్ల లెక్కన కొంటే ఖర్చెక్కువ. టైలర్ల దగ్గర మిగిలిన ముక్కలు మాట్లాడుకుంటే మనకి చవక, వాళ్ళకి చెత్త బాధ తప్పుతుంది. ఇంకో మాట. పత్తి పండించడానికి నీళ్ళు, పురుగు మందులు చాలా పడతాయి. గుడ్డ సంచి అయినా రెండుసార్లు వాడి పారేస్తే మేలేమీ లేదు. పిడి గట్టిగా కుట్టాలి. చిరిగిన సంచి తెస్తే బాగుచేసి ఇస్తామని షాపుల్లో చెప్పాలి.

సమాఖ్యని నేను అడిగేది రెండే. అన్ని గ్రూపుల సంచులకీ ఒకే ధర పెట్టి, షాపులతో సమాఖ్య పేరు మీద కాగితం రాయించండి. పండగకి రెండు నెలల ముందే సగం అడ్వాన్సు తీసుకోండి. ఆర్డరు రాసుకున్నాకే కత్తెర పడదాం.