ఆ వేడి ఎటు పోయింది?

తల్లిదండ్రులకు రెండు నమస్కారాలు, ఫీజులు కట్టింది వాళ్లు కనక. ఇక మన మాటల్లోకి వద్దాం.

మాది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి నేను చంటివాణ్ణి. ఆ కథ వింటూ పెరిగి, సముద్రాన్ని చదువుదామని 2003లో కెనడాలోని ఈ హాలిఫాక్స్ వచ్చాను. దిగిన నెలలోనే, సెప్టెంబరు 29న, హువాన్ తుపాను ఊళ్లో చెట్లు కూల్చింది. ఇక్కడికీ వచ్చావా తల్లీ అనుకున్నాను.

నా తొలి వ్యాసం సంగతి చెబుతాను. ఓ తుపాను నడిచిన దారి ఉపగ్రహ చిత్రంలో నీలంగా కనిపించింది. 'సముద్రం చల్లబడింది' అని రాసి, గర్వంగా ప్రొఫెసరు గారి బల్ల మీద పెట్టాను. ఆయన అడిగింది ఒక్కటే: "మరి ఆ వేడి ఎటు పోయింది?"

అప్పుడు అమ్మ తోడిన గంగాళం గుర్తొచ్చింది. చన్నీళ్ల మీద వేణ్ణీళ్లు పోస్తే పైనే తేలతాయి. చెంబుతో కలియబెడితే పైన చల్లబడుతుంది, వేడి మాత్రం గంగాళం దాటదు. తుపాను కొంత వేడి తాను తాగి, మిగతాది కిందికి కలిపేస్తుంది. పైపొరను ఎండ కొన్ని వారాల్లో మళ్లీ కాచేస్తుంది. కిందికి దిగిన వేడిలో కొంత చలికాలపు గాలులకు పైకొస్తుంది, కొంత ప్రవాహాల వెంట పోతుంది. ఏది ఎంతన్నదే మా వాళ్ల తగువు.

భూమికి చేరుతున్న అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రమే మింగుతోంది. వెచ్చని పొర మందమైతే తుపాను ఎంత కెలికినా చల్లనీరు పైకి రాదు, దానికి పగ్గం ఉండదు. మన బంగాళాఖాతంలో నదుల మంచినీరు పైన తేలి, ఈ కలయికకు అడ్డుపడుతుంది.

ఇదంతా పైపైన చూస్తే కనిపించదు. విద్యార్థులారా, మీతో నా పేచీ ఇక్కడే. రంగుల మ్యాపు చూసి తీర్పు చెప్పేస్తారు, సారాంశం చదివి వ్యాసం చదివామంటారు. సముద్రంలో తేలుతూ కొలతలు తీసే ఆర్గో పరికరం పది రోజులకోసారి 2000 మీటర్ల లోతుకు దిగి, కొలుచుకుంటూ పైకొస్తుంది. ఆ డబ్బాకున్న ఓపిక మీకు లేకపోతే ఎలా నాయనా?

2022 సెప్టెంబరు 24న ఫియోనా తుపాను హాలిఫాక్స్ ఉన్న నోవా స్కోషియాను తాకింది. కెనడా నేల తాకిన ఏ తుపానులోనూ అంత తక్కువ పీడనం నమోదు కాలేదు. కరెంటు లేక, కారులో ఫోను ఛార్జి చేసుకుని అమ్మకు చేశాను.

"సముద్రం చల్లబడిందమ్మా."

"పైనేగా?" అంది. గంగాళం కథ చెప్పి చెప్పి ఆవిణ్ణి విసిగించింది నేనే లెండి.

వెళ్లండి, భోజనాలు చల్లారుతున్నాయి. గరిటె అడుగుదాకా పెట్టండి.