యంత్రం కొనేముందు బ్యాటరీ కొలత అడగండి



ఈ పూట విత్తనాన్ని గూర్చి గాని, ఎరువును గూర్చి గాని చెప్పబోవడం లేదు. వీపున మోసి మందు కొట్టే యంత్రంలోని బ్యాటరీని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

మిరపతోటలో తామరపురుగు కనబడిన రోజునే మా బావగారి యంత్రం ఆగిపోయింది. మోటారుకు లోపం లేదు, పోయింది బ్యాటరీ. విప్పి చూస్తే అది ఆ కంపెనీవారి సొంత ఆకారం. పట్నంలో ఎన్ని దుకాణాలు తిరిగినా దానికి జోడు దొరకలేదు. "కొత్త యంత్రమే తీసుకోండి" అన్నారట. పురుగు అందాకా ఆగుతుందా? చివరకు పొరుగువారి చేతిపంపు అడిగి తెచ్చుకున్నారు.

ఆ పొరుగువారి బ్యాటరీ యంత్రంలో ఉన్నది 12 వోల్టుల, 8 ఆంపియర్ అవర్ల మామూలు సీసపు బ్యాటరీ. పొడవు సుమారు 151 మిల్లీమీటర్లు, వెడల్పు 65. అది పోతే అదే కొలతది ఏ కంపెనీదైనా తెచ్చి బిగించుకోవచ్చును.

టార్చిలైటు సెల్లు చూడండి. లావు సుమారు 34 మిల్లీమీటర్లు, పొడవు 61, వోల్టులు 1.5. దేశదేశాలవారు ఒప్పుకున్న కొలత గనుక ఏ ఊరి కొట్లో కొన్నా సరిపోతుంది. పూర్వం ఊరికొక కుంచం ఉన్నప్పుడు ఎన్ని తగాదాలో పెద్దలకు తెలుసును. సొంత కొలత బ్యాటరీ అంటే మళ్లీ ఆ కుంచమే!

సొంత ఆకారమంతా మోసమని నేననను. సెల్‌ఫోను పలచగా ఉండవలెనంటే అందుకు తగిన బ్యాటరీ కావలసిందే. కాని కంపెనీవారు ఆ రకం మానివేస్తే మంచి వస్తువు మూలపడుతుంది. ఐరోపా సమాఖ్యవారు 2023లో ఒక చట్టం చేశారు. కొన్ని మినహాయింపులతో, 2027 ఫిబ్రవరి 18 నుంచి అమ్మే వస్తువులలో చిన్న బ్యాటరీని కొన్నవారే విప్పి మార్చుకొనే వీలుండాలని దాని సారాంశం.

కనుక కొనేముందు మూడు సంగతులు అడగండి. మూత తీసి బ్యాటరీ చూపిస్తారా? దానిమీద వోల్టులు, ఆంపియర్ అవర్లు రాసి ఉన్నవా? అదే కొలతది వేరే దుకాణంలో దొరుకుతుందా?

ఒక్క హెచ్చరిక. కొలత కలిస్తే చాలదు, వోల్టులూ కలవాలి. పెన్సిల్ సెల్లు 1.5 వోల్టులది, అచ్చం అంతే ఉండి 3.7 వోల్టులిచ్చే లిథియం సెల్లు కూడా వస్తున్నది. అది పెడితే వస్తువు కాలిపోవచ్చును. సీసపు బ్యాటరీ చార్జరును లిథియం బ్యాటరీకి తగిలించరాదు. పాత బ్యాటరీని కాలువలో పారవేయక దుకాణానికే తిరిగి ఇవ్వండి.

యంత్రం కొనేది ఒకసారి, బ్యాటరీ కొనేది పలుమార్లు. ఆ లెక్క ముందే వేసుకోండి. సెలవు.