గుండెపోటు - గడియారము



ఒక గ్రామమున ఒక పెద్దమనిషికి తెల్లవారుజామున రొమ్ము నడుమ బండ పెట్టినట్లు నొప్పి వచ్చినదనుకొందము. ఒడలెల్ల చెమటలు పోసినవి, ఎడమచేయి లాగుచున్నది. "ఇది వాయువు, వామునీళ్ళు త్రాగింపుడు" అని యొకరందురు. "తెల్లవారనిండు, పట్టణమునుండి పెద్దకుమారుడు రానిండు" అని మరియొకరందురు. ఇట్టి మాటలు మన మందరము వినినవే. ఆ మాటలలో గడచిపోవు రెండు గంటల వెల యెంతయో నేడు మనవి చేయదలచితిని.

గుండె శరీరమున కంతటికిని రక్తము పంపును. కాని దాని కండకు వలయు రక్తము, దానిపై నల్లుకొనియున్న సన్నని ధమనులద్వారా రావలసినదే. ధమని గోడలో ఏండ్ల తరబడి పేరుకొనిన క్రొవ్వు పొర చిట్లినపుడు, అచట రక్తము గడ్డకట్టి దారి మూసివేయును. ఇదియే గుండెపోటు. కాలువకు అడ్డుపడినచో దిగువ మళ్ళు ఎండును గదా! అయితే ఎండిన మడిలో మరల నాటుకొనవచ్చును. చచ్చిన గుండెకండ మరల మొలవదు.

కండ యంతయు ఒక్కమారుగా చావదు. 1977లో రీమర్, జెన్నింగ్సు మొదలగు అమెరికా శాస్త్రజ్ఞులు కుక్కల గుండె ధమనిని బిగించి, వేర్వేరు వేళల వదలి చూచిరి. 40 నిమిషములకు వదలినచో, ఆపదలో నున్న కండలో నూటికి 38 పాళ్ళు చచ్చెను. 3 గంటలకు 57 పాళ్ళు. 6 గంటలకు 71 పాళ్ళు. మనుష్యులలో లెక్క కొంత మారవచ్చును గాని తీరు ఇదియే. 1986లో ఇటలీ దేశమున 11 వేలకు పైబడిన రోగులతో జరిగిన పరిశోధనలో, నొప్పి మొదలైన గంటలోపల గడ్డను కరగించు మందు పొందినవారిలో మరణములు దాదాపు సగము తగ్గెను. 6 గంటలు దాటిన పిమ్మట పొందినవారిలో చెప్పుకొనదగిన లాభము కనబడలేదు.

దారి తెరచుటకు నేడు రెండు ఉపాయములున్నవి. ఒకటి ఆ సూదిమందు. రెండవది, మణికట్టునుండి గాని తొడ మొదటినుండి గాని సన్నని గొట్టమును గుండె ధమనివరకు నడపి, బెలూనుతో దారి తెరచి, మరల మూసికొనకుండ స్టెంటు అను లోహపు జల్లెడగొట్టమును నిలుపుట. వీనిలో ఏది మేలు? 2003లో వెలువడిన డెన్మార్కు పరిశోధనవలన, రోగిని 2 గంటలలోపల బెలూను చికిత్సగల ఆసుపత్రికి చేర్చగలిగినచో అదియే మేలని, ముఖ్యముగా పోటు మరల వచ్చుట తగ్గునని తేలినది.

కావున నేటి వైద్యుల పద్ధతి యిది. ఇ. సి. జి. తీసి ధమని పూర్తిగా మూసికొనినదని తెలిసినపుడు, 2 గంటలలో స్టెంటు వేయ వీలగునా యని చూతురు. వీలైనచో తిన్నగా అచటికే పంపుదురు. వీలుకానిచో, నొప్పి మొదలై 12 గంటలు దాటనివారికి, రక్తస్రావభయము లేనిచో, వెంటనే సూదిమందు నిత్తురు. ఇటీవల పక్షవాతము గాని, శస్త్రచికిత్స గాని, రక్తస్రావము గాని జరిగియున్నచో వైద్యునికి ముందే చెప్పవలెను.

సూదిమందుతో నొప్పి తగ్గగానే ఇంటికి పోదమనుట పొరపాటు. గడ్డ కరగినను దారి యింకను ఇరుకుగనే యుండవచ్చును. మందు పనిచేయనిచో తక్షణమే బెలూను కావలెను. పనిచేసినచో 2 మొదలు 24 గంటలలోపల ధమనులను పరీక్షించి, అవసరమైనచోట స్టెంటు వేయుదురు. ధమని పూర్తిగా మూసికొనని పోట్లు వేరు. వానిలో అపాయము హెచ్చుగ నున్నవారికి సాధారణముగా 24 గంటలలోపల పరీక్ష జరుపుదురు.

ఇక దినములు గడచిన పిమ్మట వచ్చినవారి సంగతి. 2006లో వెలువడిన యొక పరిశోధనలో, పోటు వచ్చిన 3 మొదలు 28 దినములలోపల, నిలకడగా నున్న 2 వేలకు పైబడిన రోగులను చూచిరి. పూర్తిగా మూసికొనిన ధమనిని అప్పుడు తెరచుటవలన మరణములు గాని, మరల పోట్లు గాని తగ్గలేదు. నొప్పి విడువకున్నను, గుండె బలము తప్పుచున్నను సంగతి వేరు. ఆ బాధలేవియు లేనిచో, పొలమమ్మి తొందరపడుటకు ముందు "ఇప్పుడు దీనివలన మాకు కలుగు మేలేమి?" అని వైద్యుని అడుగుట న్యాయము. మొదటి గంటలలో ప్రాణము నిలుపు గొట్టమే, వేళ తప్పినచో వట్టి వ్యయము కావచ్చును.

పెద్దలారా! ఊరిలో మీ మాటకు విలువ కలదు. రొమ్మునొప్పి గాని, దవడకు ప్రాకు నొప్పి గాని, కారణము లేని ఆయాసము, చెమటలు గాని కనబడినచో, అందును మధుమేహము గలవారిలో, "వాయువు" అని తీర్పు చెప్పకుడు. రోగిని నడిపింపక 108కి కబురంపుడు. ఏ ఆసుపత్రిలో ఇ. సి. జి., సూదిమందు ఉన్నవి? ఎచట రాత్రివేళ కూడ స్టెంటు వేయుదురు? దారి యెంతసేపు? ఈ మూడు సంగతులను నేడే, అందరును ఆరోగ్యముగా నున్నపుడే, విచారించి యుంచుడు. వైద్యుడు సంతకమడిగినపుడు సందేహముల నడుగుడు. కాని దూరపు కుమారుని రాకకై ఆగవలదు. కుమారుడు వచ్చువరకు తండ్రి గుండె ఆగియుండదు.