బీరువా తాళంచెవి
(పుదుచ్చేరిలో రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పట్టణ గ్రంథాలయానికి 1966లో రోమా రోలా పేరు పెట్టారు. 1915 నోబెల్ సాహిత్య బహుమతి గ్రహీత ఆయన. ఒక సంగీతకారుని జీవితమే ఇతివృత్తంగా ఆయన పది సంపుటాల్లో రచించిన ‘జాఁ క్రిస్తోఫ్’ ఆంగ్లానువాదాన్ని నేను రాత్రి డ్యూటీల నడుమ చదివాను. రెండేళ్లు పట్టింది. ఆలస్య రుసుము కూడా చెల్లించాను!

“సంఘం పనులుండగా నవలలేమిటి, సినిమాలేమిటి?” అని పెద్దలు మందలించేవారు. తర్వాత నేనూ యువకులను అదే మాటతో మందలించాను. అది నా తప్పు. గౌతమ్ ఘోష్ ‘మాభూమి’లో, పశువులు కాసే పసివాణ్ణి గురించి సుద్దాల హనుమంతు రచించిన పాట ఉన్నది. చిన్ననాట అది విన్న రాత్రి నాకు అన్నం సయించలేదు. వెట్టి అనగా ఏమిటో ఏ ఉపన్యాసమూ నాకు అంతగా తెలుపలేదు. నా ఉపన్యాసాలతో సహా.

మన సంఘ కార్యాలయంలో పుస్తకాల బీరువా ఒకటి ఉన్నది. దాని తాళంచెవి ఎవరివద్ద ఉన్నదని ఇందాక అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. అన్నీ ఫోనులోనే దొరుకుతాయని ఒక యువ మిత్రుడన్నాడు. దొరకనివ్వండి. వచ్చే కార్యవర్గ సమావేశంలో మొదటి అంశంగా ఆ తాళంచెవిని చేర్చవలసిందిగా కార్యదర్శిగారిని కోరుతున్నాను.