టిక్స్‌కు మందు కడుపులో ఉందా?



పిల్లల్లో వచ్చే టిక్స్‌కూ, పేగుల్లోని బ్యాక్టీరియాకూ, గొంతు ఇన్ఫెక్షన్లకూ, మందుల షాపులో దొరికే సప్లిమెంట్లకూ సంబంధం ఏమిటో చెప్పమన్నారు. ఓపీలో నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న కూడా ఇదే. ముందు టిక్ అంటే ఏమిటో చూద్దాం.

పిల్లవాడు ఉన్నట్టుండి కళ్ళు గట్టిగా టపటపలాడిస్తాడు. కొన్ని వారాలకు అది తగ్గి, భుజం ఎగరేయడం మొదలవుతుంది. ఆ తర్వాత ముక్కు ఎగబీల్చడం, గొంతు గీరడం. కాస్త పెద్ద పిల్లల్ని అడిగితే మెడ మీద చెయ్యి పెట్టి, "ఇక్కడేదో పట్టేసినట్టుంటుంది అంకుల్, ఇలా అంటే పోతుంది" అని చెబుతారు. కొద్దిసేపు ఆపుకోగలరు. బళ్ళో బిగబట్టుకుని, ఇంటికి రాగానే వదిలేస్తారు. అందుకే టీచరుగారు "మా దగ్గర బాగానే ఉంటాడండీ" అంటారు. అమ్మేమో "నా ముందే చేస్తున్నాడు, కావాలనే" అనుకుంటుంది. కావాలని చేసేది కాదు.

ఇవి ఎక్కువగా 5 నుంచి 7 ఏళ్ళ వయసులో మొదలై, 10 నుంచి 12 మధ్య ముదిరి, యుక్తవయసు దాటేసరికి చాలామందిలో బాగా తగ్గుతాయి. ఈ లోపల ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ. పరీక్షలప్పుడు, నిద్ర చాలనప్పుడు ఎక్కువ. ఈ హెచ్చుతగ్గులే మనల్ని బోల్తా కొట్టిస్తాయి. డాక్టరు దగ్గరికి ఎప్పుడు పరిగెడతాం? బాగా ఎక్కువైనప్పుడు. అలా ఎక్కువైనది ఏ మందూ వేయకపోయినా మళ్ళీ తగ్గుముఖం పడుతుంది. ఆ సమయానికి ఏ సీసా చేతిలో ఉంటే పేరు దానికి దక్కుతుంది. కాకి వాలింది, తాటిపండు రాలింది.

మన ఇళ్ళలో ఆ పేరు మొదట నులిపురుగుల మందుకు వస్తుంది. పళ్ళు కొరికినా, కళ్ళు కొట్టుకున్నా "కడుపులో పురుగులు చేరాయి" అంటారు అమ్మమ్మలు. ఫిబ్రవరి 10న బళ్ళో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర తప్పకుండా వేయించండి. అది పురుగులకు మంచి మందు, టిక్స్‌కు కాదు.

అమ్మమ్మ మాటను కొట్టిపారేసే మనమే "గట్ బ్యాక్టీరియా" అనగానే చెవి ఒగ్గుతాం. నిజమే, పేగుకూ మెదడుకూ మధ్య రాకపోకలున్నాయి. ఒంట్లోని సెరటోనిన్‌లో సుమారు 90 శాతం పేగుల్లోనే తయారవుతుంది. కానీ అది నేరుగా మెదడులోకి వెళ్ళలేదు, మధ్యలో రక్తనాళాల గోడ అడ్డుంటుంది. టిక్స్ ఉన్న పిల్లల పేగుల్లో కొన్ని జాతుల బ్యాక్టీరియా తేడాగా ఉందని చైనాలో పరిశోధకులు గమనించారు. ఆ తేడా వల్ల టిక్స్ వచ్చాయా? లేక తిండిలో పేచీలు, వాడిన మందుల వల్ల ఆ తేడా వచ్చిందా? అది ఇంకా తేలలేదు. తైవాన్‌లో టూరెట్ సిండ్రోమ్ (కదలికల టిక్స్, శబ్దాల టిక్స్ రెండూ ఏడాదికి మించి సాగే స్థితి) ఉన్న 57 మంది పిల్లల్లో రెండు నెలలపాటు ఇలా పరీక్షించి చూశారు: కొందరికి పీఎస్128 అనే ప్రోబయోటిక్, మిగతావారికి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మందు. 2021లో ఫలితం వచ్చింది. టిక్స్ విషయంలో రెండు జట్లకూ తేడా లేదు. కాబట్టి పెరుగన్నం పెట్టండి, అది మంచి తిండి. "వంద కోట్ల మంచి బ్యాక్టీరియా" అని రాసిన డబ్బా కోసం మాత్రం అప్పు చేయకండి.

ఇక గొంతు ఇన్ఫెక్షన్. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్ళాలి. స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా గొంతులో చేరితే, దాన్ని చంపడానికి ఒళ్ళు తయారుచేసుకున్న యాంటీబాడీలు పొరపాటున మన కణజాలం మీదే పడవచ్చు. గుండె కవాటాల మీద పడితే రుమాటిక్ గుండె జబ్బు. మెదడు లోతుల్లోని బేసల్ గాంగ్లియా మీద పడితే సిడెన్‌హామ్ కొరియా, 1686లోనే థామస్ సిడెన్‌హామ్ వర్ణించిన జబ్బు. 1998లో అమెరికాలో సూసన్ స్వీడో బృందం ఇలాంటి 50 మంది పిల్లల గురించి రాసింది. గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత హఠాత్తుగా టిక్స్, చాదస్తపు ఆలోచనలు మొదలైన పిల్లలు వాళ్ళు. దానికి పాండాస్ అని పేరు పెట్టారు. ఆ తర్వాత యూరప్‌లో 715 మంది పిల్లలను సగటున 16 నెలలపాటు వెంబడించారు. టిక్స్ ముదిరిన సందర్భాలకూ, స్ట్రెప్ ఇన్ఫెక్షన్‌కూ పొంతన కుదరలేదు. అందుకే ప్రతి టిక్‌కూ యాంటీబయోటిక్ రాయకూడదు.

అయితే మనదేశంలో రుమాటిక్ జ్వరం ఇంకా పోలేదు, కాబట్టి కొరియాను టిక్ అనుకుని వదిలేస్తే ప్రమాదం. తేడా ఇలా పట్టాలి. టిక్ ఒకే కదలికగా మళ్ళీ మళ్ళీ వస్తుంది. కొరియాలో కదలికకు ఒక తీరుండదు, ఆపుకోవడం కుదరదు. చేతిరాత చెడుతుంది, గ్లాసు జారిపోతుంది. మీ రెండు వేళ్ళను గట్టిగా పట్టుకోమంటే పట్టు బిగుస్తూ, వదులవుతూ ఉంటుంది. నాలుక చాపి ఉంచమంటే ఉంచలేరు, లోపలికి లాగేసుకుంటారు. ఇలాంటి పిల్లలకు వెంటనే గుండె ఎకో తీయించాలి, పెన్సిలిన్ ఇంజక్షన్లు మూడు నాలుగు వారాలకోసారి ఏళ్ళ తరబడి వేయించాలి. అలాగే రాత్రికి రాత్రే తిండి మానేసినా, చేతులు కడుగుతూనే ఉన్నా డాక్టరుకు చూపించడానికి ఆలస్యం చేయవద్దు.

సప్లిమెంట్ల సంగతి త్వరగా ముగిస్తాను. ఎన్-ఎసిటైల్ సిస్టీన్‌ను 31 మంది పిల్లల్లో పరీక్షించి 2016లో ప్రకటించారు, ఉత్తుత్తి మందును మించలేదు. చేపనూనె మాత్రలు 33 మందిలో చూస్తే టిక్స్ లెక్కలో పెద్ద తేడా రాలేదు. విటమిన్ బి6 ఎక్కువ మోతాదులో దీర్ఘకాలం వాడితే నరాలే దెబ్బతిని, పాదాలు తిమ్మిరెక్కుతాయి. రక్తపరీక్షలో ఐరన్ గానీ, విటమిన్ డి గానీ తక్కువని తేలితే ఆ లోటు పూడ్చాలి. అది ఒంటికి అవసరం కనుక, టిక్స్ కోసం కాదు.

మరి ఏది పనిచేస్తుంది? సీబీఐటీ, అంటే టిక్స్‌ను అదుపు చేసుకోవడం నేర్పే ప్రవర్తనా శిక్షణ. భుజం ఎగరేయాలన్న ఒత్తిడి రాగానే మోచేతిని పక్కకు అదిమిపెట్టి, ఆ ఒత్తిడి చల్లారేదాకా ఆగడం నేర్పుతారు. గొంతు గీరుకోవాలనిపిస్తే నోరు మూసి, ముక్కుతో నిదానంగా గాలి పీల్చి వదలాలి. 2010లో వెలువడిన అధ్యయనంలో 126 మంది పిల్లలు పాల్గొన్నారు. ఈ శిక్షణ పొందినవారిలో 52.5 శాతం బాగా మెరుగయ్యారు, మామూలు సలహాలు మాత్రమే అందుకున్నవారిలో 18.5 శాతం. చదువుకో, నిద్రకో అడ్డు వచ్చేంత తీవ్రంగా ఉంటే మందులూ ఉన్నాయి. ఏమీ ఇబ్బంది పెట్టని టిక్‌ను అలా వదిలేయడమూ వైద్యమే.

ఇంటికెళ్ళి ఒక పని చేయండి. పాత నోటుపుస్తకంలో వారానికోసారి టిక్స్ ఎలా ఉన్నాయో, జ్వరం వచ్చిందా, పరీక్షలున్నాయా, నిద్ర పట్టిందా, రాసి పెట్టండి. ఫోనులో చిన్న వీడియో తీయండి. ఏ మందు మార్చినా ఒకసారికి ఒకటే మార్చండి. మూడు నెలలకు ఆ పుస్తకం చూస్తే, ఏ సీసాకు ఊరికే పేరొచ్చిందో మీకే తెలుస్తుంది. టీచర్లకు ఒక్క మాట. "కళ్ళు కొట్టకు" అని గుర్తు చేసినప్పుడల్లా అది పెరుగుతుంది. పట్టించుకోకుండా పాఠం చెప్పండి, మిగతా పిల్లలు కూడా పట్టించుకోవడం మానేస్తారు.

ఇక ప్రశ్నలు అడగండి. సీసాలు తెచ్చినవారు లేబుల్ చూపించి మరీ అడగండి.