వసతిగృహపు వంటశాల



మా గురువుగారి బాల్యమున వసతిగృహమన్న మాట పల్లెలలో అంతగా వినబడెడిది కాదు. పరాయియూర చదువుకొనవచ్చిన పేదపిల్లవాడు వారములు చేసికొనెడివాడు. సోమవారము కరణముగారి యింట, మంగళవారము పురోహితుని యింట, ఈ రీతిగా ఏడు గడపలు. ఏ యింటివారైనను ఊరికి పోయినచో ఆనాడు పస్తే. మా గురువుగారికి శుక్రవారమునకు ఇల్లు దొరకలేదట. డెబ్బది యేండ్లు దాటిన పిదపను ఆయనకు శుక్రవారమునాడు తెల్లవారుసరికే ఆకలి వేయుచుండెడిది. మేము నవ్వెడివారము, ఆయనయు నవ్వెడివారు.

టంగుటూరి ప్రకాశం పంతులుగారి తల్లి ఒంగోలులో పూటకూళ్ల యిల్లు నడిపి కొడుకును చదివించినదని మనమందరము ఎరుగుదుము. పిమ్మట దాతలు, సంఘములు వసతిగృహములు కట్టించిరి. ప్రభుత్వము వారును కట్టించిరి. 1971వ సంవత్సరమున నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల వెలసినది. వారములు చేసికొనుట పోయినది గాని వండి పెట్టు మనిషి అవసరము పోలేదు. అట్టి మనిషి నొకనిని గూర్చి చెప్పుటకే నేడు మీ ముందుకు వచ్చితిని.

క్రిందటి సంక్రాంతికి మా పూర్వవిద్యార్థులు ఒకచోట కూడి నన్ను పిలిచిరి. ముప్పది సంవత్సరములు తెలుగు చెప్పినవాడను. సంధులు, సమాసములు, ఛందస్సు నూరిపోసినవాడను. ఒక్కొక్కడును లేచి మాటలాడుచుండగా, ఇదిగో ఉత్పలమాల వచ్చును, ఇదిగో మత్తేభము వచ్చునని చెవులు రిక్కించి కూర్చుంటిని. ఏదియు రాలేదు. వచ్చినదెల్ల చారు! ఒకడు ఆదివారపు కోడిగుడ్డును వర్ణించెను. ఒకడు ఉప్మాలోని పురుగులను లెక్కించెను. మరియొకడు, ఇప్పుడు పెద్ద వైద్యుడు, మా వంటవాడు గరిటె పట్టు తీరును నటించి చూపెను. గరిటెను గుండిగలో ముంచి, పైకెత్తి, ఒక విదిలింపు విదిలించి సగము వెనుకకు జార్చి, మిగిలినదానిని కంచములో వేయుట. ఆ వంటవానికి పిల్లలు పెట్టిన పేరు 'సగం గరిటె'. ఆ పేరు వినగానే సభ యంతయు నవ్వినది. నాకు మాత్రము నవ్వు రాలేదు.

ఆ సగము గరిటె కథ ఇది. ఆ కాలమున నేను కోనసీమలో నొక పాఠశాలలో పండితుడనుగా నుండి, దాని వసతిగృహమునకు కొంతకాలము వార్డెను బాధ్యతను కూడ వహించితిని. రిజిస్టరులో ఎనుబదిమంది పిల్లలు. బియ్యము, పప్పు, నూనె ఎనుబదిమందికే లెక్క. ఉదయము నేను తాళము తీయుట, వంటవాడు తూచుకొనుట, పుస్తకములో వ్రాయుట. ఆయన నాకంటె పదునైదేండ్లు పెద్ద. పిల్లలతోపాటు నేనును బాబాయి అని పిలిచెడివాడను.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమను తుపాను ముట్టడించెను. ఆ తుపానులో వేయిమందికి పైగా మరణించిరి. కోతకు వచ్చిన వరి నీళ్లలో కలిసెను. తాతలు నాటిన కొబ్బరిచెట్లు ఒక్క రాత్రిలో నేలకొరగెను. కొబ్బరిమొక్క నాటి మరల కాపు చూచుటకు ఎన్ని సంవత్సరములు పట్టునో రైతులైన మీకు నేను చెప్పనక్కరలేదు. వారము గడచునప్పటికి మా పిల్లల తమ్ములు ఒక్కొక్కరే వచ్చి వసతిగృహపు అరుగు మీద కూర్చుండసాగిరి. ఇల్లు పడిపోయినది, తండ్రి కూలికి పోవుటకు తోటలు లేవు. అన్న తినుచున్న చోటికి తమ్ముడు వచ్చెను. అట్టివారు మొత్తము పదునొకండ్రు. వారి పేర్లు రిజిస్టరులో లేవు. వ్రాయుటకు నాకు అధికారము లేదు; పొమ్మనుటకు నోరు రాలేదు.

ఆ రాత్రి వంటశాలకు పోయి, "బాబాయీ, ఏమి చేయుదము?" అని అడిగితిని. ఆయన పొయ్యిలో మట్టను త్రోసి, "తూచి యిచ్చేది మీరు. ఒదిగించేది నేను. మీ పని మీరు చూసుకోండి, మేష్టారూ," అనెను.

ఒదిగించుట యన నేమో నాడు తెలిసికొంటిని. మొదట అందరికి సగము గరిటె వేయును. అది తిన్నవాడు మరల అడుగును. అడిగినవానికి రెండవసారి వేయును. అడుగనివానికి వేయడు. మునుపు మొదటనే నిండుగరిటె వేయుచుండగా కంచములలో ఎంత అన్నము పారవేయబడుచుండెనో, ఆ అన్నమే పదునొకండ్రకును ఆహారమయ్యెను. గంజిని పారబోయక ఉప్పు, మజ్జిగ కలిపి ప్రొద్దుట ఇచ్చెను. తుపానుకు పడిన అరటిచెట్లను నరికించి, దూటను తీసి, ఆవపెట్టి కూర చేసెను. తోటలవారు ఊరక ఇచ్చిన కొబ్బరితో పచ్చడి నూరెను. దినదినము దూటకూర యేమని పిల్లలు సణిగిరి. దూట ఎందుకో వారికి తెలియదు.

మా సీమలోనే, లంకలగన్నవరమున, డొక్కా సీతమ్మగారు జీవించిరి. 1909లో గతించిరి. ఆకలియని వచ్చినవానిని ఆమె యింట ఎవరును వెనుకకు పంపలేదని నేటికిని చెప్పుకొందురు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకు ఆమె పేరు పెట్టినది, తగినపని. కాని సీతమ్మగారు పెట్టినది తన ధాన్యము. మా బాబాయి పెట్టినది ఒకరు తూచి యిచ్చిన బియ్యము. తూచి యిచ్చినదానిలో నుండి లెక్కకు మిక్కిలియగువారికి పెట్టుట మరియొక విద్య. దానికి పేరు రాలేదు. వచ్చినది 'సగం గరిటె'.

సంక్రాంతి సెలవుల పిదప పదవతరగతి పిల్లలు సంతకములు లేని యర్జీ యొకటి పైకి పంపిరి. వంటవాడు బియ్యము కాజేయుచున్నాడనియు, కడుపునిండ పెట్టుటలేదనియు అందలి సారాంశము. అధికారి వచ్చెను. ఆనాడు ఆ పదునొకండ్రను కాలువగట్టు మీదికి తీసికొనిపోయి కూర్చుండబెట్టినది నేనే. అధికారి బియ్యము తూచెను, లెక్క సరిపోయినది. పిల్లలను అడిగెను, సగము గరిటె నిజమేననిరి. నన్ను వ్రాతమూలకముగ సంజాయిషీ కోరిరి.

ఆ కాగితము ముందు రెండు రాత్రులు కూర్చుంటిని. నిజము వ్రాసినచో పదునొకండ్రు వీధినపడుదురు. నా యుద్యోగమునకును ముప్పు. ఇందు మొదటిది పెద్ద కారణమని నాకు నేను చెప్పుకొంటిని. రెండవది దానికంటె చిన్నదని నేటికిని ప్రమాణము చేయలేను. "వడ్డనయందు లోపమున్న మాట వాస్తవము. వంటవానిని మందలించితిని" అని వ్రాసి పంపితిని. ఆయనకు ఒక సంవత్సరపు ఇంక్రిమెంటు ఆగిపోయెను. చెప్పుటకు పోతిని. "పిల్లల్ని పొమ్మన్నారా?" అని అడిగెను. లేదంటిని. "అయితే సరే" అని బెండకాయలు తరుగుకొనసాగెను. జూనులో ఇండ్లు మరల లేచినవారు తమ్ములను తీసికొనిపోయిరి.

ఇప్పుడు మరల సభకు వత్తును. ఆ పదునొకండ్రలో నొకడు అక్కడికి వచ్చియుండెను. నేడు చేపల చెరువులు సాగుచేయుచున్నాడు. అతడు లేచి, "మాకు చివరి బంతి. బాబాయి మాతోపాటే కూర్చుని తినేవాడు. మాడు పెచ్చు మీద కొబ్బరి పచ్చడి వేసి పెట్టేవాడు. ఆ రుచి మళ్లీ దొరకలేదు," అని, నావైపు తిరిగి, "మేష్టారూ, మమ్మల్ని ఎప్పుడూ చివరి బంతిలోనే ఎందుకు కూర్చోబెట్టేవారు?" అనెను.

అందరును నన్ను చూచిరి. "మీరు చిన్నపిల్లలు గదా" అంటిని. చిన్నపిల్లలకు మొదటి బంతి వేయుట లోకాచారమని ఆ సభలో ఎవరికిని తోచలేదు. చప్పట్లు కొట్టిరి.

బాబాయి 2011లో గతించెను. ఆయన భార్య తమ గ్రామముననే యున్నది. ఆమెను అడుగలేదు గావున ఇచట పేరు చెప్పుటలేదు. సభ ముగిసిన పది దినములకు ఆమె యింటికి పోతిని. పిల్లలందరు బాగున్నారా అని అడిగినది. పెద్దవైద్యుని సంగతి, చెరువుల వాని సంగతి చెప్పితిని. సంతోషించినది. ఇంక్రిమెంటు మాట ఆమెకు తెలియునో లేదో అడుగుటకు నోరు రాలేదు.

నాటి నా సంజాయిషీ నకలు నాయొద్దనే యున్నది. ఆ పదునొకండ్ర పేర్లు వ్రాసికొన్న చిన్న పుస్తకమును ఉన్నది. పూర్వవిద్యార్థులు వచ్చు సంక్రాంతికి మరల కూడుదురట. ఆ రెండింటిని వెంట తీసికొని పోవుచున్నాను. వారు వినకమునుపే మీకు చెప్పితిని.