ఎంజైములు, నిరోధకాలు, వారానికొక మాత్ర
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. నడక గురించీ, యోగా గురించీ చెప్పగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ఎంజైముల గురించి చెబుతాను. పేరు విని బెదరకండి. మనం మింగే మాత్రల్లో చాలావాటికి పని అక్కడే.

మాంసం త్వరగా మెత్తబడటానికి పచ్చి బొప్పాయి ముక్క వేయడం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉంది. బొప్పాయి పాలలోని పపైన్ అనే ఎంజైము మాంసకృత్తులను తెగ్గొడుతుంది. అన్నం ముద్దను మింగకుండా కాసేపు నమిలితే తియ్యబడుతుంది. అది లాలాజలంలోని ఎంజైము పని. ఒక పదార్థం మరొకటిగా మారాలంటే ముందు కొంత శక్తి ఖర్చుపెట్టి ఒక కొండ దాటాలి. ఎంజైము ఆ కొండను దాటించే కనుమదారి వంటిది. ఎక్కవలసిన ఎత్తు తగ్గుతుంది, పని వేగంగా జరుగుతుంది. పైగా ఎంజైము ఖర్చయిపోదు, వెంటనే ఇంకోదాన్ని అందుకుంటుంది. రక్తంలో బొగ్గుపులుసు వాయువును నీటితో కలిపే ఎంజైము సెకనుకు దాదాపు 10 లక్షల సార్లు ఆ పని చేయగలదు. అలాంటి గుమాస్తా సెక్షనుకొకడుంటే పెండింగు అనే మాటే మనం వినేవాళ్ళం కాదు.

గుమాస్తా అన్నాను గనుక ఆ పోలికతోనే చెబుతాను. ఆఫీసులో ఒక్కో సీటుకు ఒక్కో సబ్జెక్టు ఉన్నట్టే ఒక్కో ఎంజైముకు ఒక్కో పని. దానిలో ఒక గుంటలాంటి చోటు ఉంటుంది. సరిపోయే పదార్థమే అందులో అమరుతుంది. ఇప్పుడు అసలు ఫైలు లాగే కనిపించే నకిలీ ఫైలు ఒకటి బల్ల మీదికి వచ్చిందనుకోండి. అది తేలదు, బల్ల ఖాళీ చేయదు. అసలు ఫైళ్ళు ఆగిపోతాయి. ఇదే నిరోధకం. కొన్ని నిరోధకాలు కాసేపు కూర్చుని లేచిపోతాయి. అసలు ఫైళ్ళు ఎక్కువగా వచ్చిపడితే వాటికి దారి ఇస్తాయి. కొన్ని ఏకంగా సీటుకే సీలు వేస్తాయి. గుండెకు వాడే చిన్న ఆస్పిరిన్ ఆ రెండో రకం. రక్తపు ఫలకికల్లోని ఎంజైముకు శాశ్వతంగా అంటుకుంటుంది. ఫలకికలు కొత్త ఎంజైమును తయారుచేసుకోలేవు, వాటి ఆయుష్షు వారం పది రోజులు. అందుకే ఈవేళ ఆస్పిరిన్ మానేసి రేపు పన్ను పీకించుకుంటే ప్రయోజనం లేదు. గుండె డాక్టరును అడగకుండా దాన్ని మానడం అంతకన్నా ప్రమాదం.

ఇక అసలు విషయం. మా ఆవిడకు రుమటాయిడ్ కీళ్ళవాతం. మనందరికీ ఉండే మోకాళ్ళ అరుగుదల కాదు, వేరే జబ్బు. దానికి మెథోట్రెక్సేట్ వాడతారు, వారానికి ఒక్కరోజే. సోరియాసిస్‌కూ ఇస్తారు. ఇది నిరోధకమే. దీని పుట్టుకలో మన తెలుగువాడి చెయ్యి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఉండగా ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. తర్వాత దాన్ని పోలిన నకిలీలనూ తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందికి కొంతకాలం గుణం కనిపించింది. ఆ ఫలితం 1948లో అచ్చయింది. సుబ్బారావుగారు అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. 1995లో ఆయన పేర మన తపాలా శాఖ స్టాంపు వేసింది. అంతటివాడికి దక్కింది అదీ అనిపిస్తుంది నాకు.

మెథోట్రెక్సేట్ ఆ కుటుంబంలోదే. ఫోలిక్ ఆమ్లానికీ దీనికీ తేడా రెండు చోట్ల, అదీ స్వల్పం. ఫోలిక్ ఆమ్లాన్ని శరీరానికి పనికొచ్చే రూపంలోకి మార్చే ఎంజైములో ఇది గట్టిగా తిష్ఠ వేస్తుంది. ఆ రూపం లేకపోతే కొత్త కణాలకు డీఎన్ఏ తయారవదు. త్వరత్వరగా పుట్టే కణాలు ముందు దెబ్బతింటాయి: నోటిపొర, పేగుపొర, ఎముక మూలుగ. రక్తంలోంచి త్వరగానే పోయినా కణాల్లో రోజుల తరబడి నిలుస్తుంది. కాబట్టి వారానికొకసారి చాలు. మధ్యలోని రోజులు ఆ కణాలు కోలుకోవడానికి.

రోజూ వేసుకుంటే ఆ వ్యవధి ఉండదు. నోటినిండా పుళ్ళు, జ్వరం, తెల్లకణాలు పడిపోవడం, ప్రాణాపాయం. ఇలా పొరపాటున రోజూ మింగి చనిపోయినవారి వివరాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. దీనితోపాటు వేరే రోజు వేసుకోమని ఫోలిక్ ఆమ్లం ఇస్తారు. రెండూ చిన్న పసుపు మాత్రలుగా దొరకడం కద్దు. కళ్ళు సరిగా కనబడని మన వయసులో ఎవరికైనా మారిపోతాయి. మెథోట్రెక్సేట్ చాలావరకు మూత్రపిండాల ద్వారా బయటికి పోవాలి. మన వయసులో అవీ నెమ్మదిస్తాయి. అందుకే రక్తపరీక్షలు ఎగ్గొట్టకూడదు.

ఇంకొకటి. మూత్రంలో మంటకు కొందరు షాపులో అడిగి కోట్రైమాక్సజోల్ కొనుక్కుంటారు. అందులోని ట్రైమెథోప్రిమ్ కూడా ఆ ఎంజైముకే నిరోధకం. సూక్ష్మజీవుల ఎంజైమునే గట్టిగా పట్టుకుంటుంది, మనదాన్ని చాలా తక్కువగా. కానీ మెథోట్రెక్సేట్‌తో కలిస్తే మూలుగ దెబ్బతినవచ్చు. నొప్పి మాత్రలైనా డాక్టరుకు చెప్పకుండా కలపవద్దు.

వారం పేరు తెలుగులో, పెద్ద అక్షరాలతో డాక్టరు చేతనే చీటీ మీద రాయించుకోండి. ఆ పేరే మందు డబ్బా మీద కూడా రాయండి. ఇంట్లో ఇంకొకరికి ఆ రోజు తెలిసి ఉండాలి. ఒకవేళ ఎక్కువ పడిందని తెలిస్తే నోరు పూసేదాకా ఆగకుండా డబ్బాతో సహా పెద్దాసుపత్రికి వెళ్ళండి. ఫోలిక్ ఆమ్లం మాత్రలు మింగి ఊరుకోవద్దు, అవి వెళ్ళవలసింది ఆ మూసుకుపోయిన సీటు దగ్గరికే. ల్యూకోవోరిన్ అనే మందు ఆ సీటుతో పని లేకుండా నేరుగా కణాలకు ఉపయోగపడుతుంది. ఎంత త్వరగా ఇస్తే అంత మేలు.

భోజనాల వేళయింది. సెలవు తీసుకుంటాను.